దస్తావేజులో ఒక్క మాట

ఇల్లు కొన్నవారు, పొలం అమ్మినవారు, బాడుగకు ఇచ్చినవారు, బాడుగకు పుచ్చుకున్నవారు - ఈ నాలుగు తరగతులలో ఏదో ఒకదానిలో చేరని గృహస్థు మనలో అరుదు. ఐతే తాను చేవ్రాలు చేసిన కాగితంలోని ప్రతి మాటా తనకు బోధపడినదని చెప్పగల గృహస్థు అంతకన్నా అరుదు. పత్రం వ్రాసే రాయసగాడు గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. విన్నవారు తల ఊపుతారు. సాక్షులు వేలు చూపిన చోట సంతకాలు పెడతారు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ కాగితం పెట్టెలో పడి నిద్రపోతుంది. అది మేలుకొనేది తగవు వచ్చినప్పుడే. అప్పుడు ఇల్లు ఎవరిదో తేల్చేది మనుషుల జ్ఞాపకం కాదు, ఆ కాగితంలోని మాట.

పుత్తూరులో ఒక పాత ఇంటిని ఊహించుకుందాం. యజమాని కాలం చేశాడు. కర్మకాండలు ముగిసిన తరువాత కొడుకులిద్దరూ ఆయన భోషాణం తెరిచారు. అడుగున తాతగారి నాటి జమీందారీ పట్టా ఒకటి. దానిమీద తండ్రి తన పొలాన్ని ఒకరికి భోగ్యానికి వ్రాసి ఇచ్చిన పత్రానికి నకలు. ఆపైన తామున్న ఇంటిని గూర్చిన శుద్ధ విక్రయ పత్రం నకలు. ఆ నకలు మడతలో విడిగా ఒక చిన్న చీటి: "ఐదేండ్లలోగా సొమ్ము ముట్టజెప్పినచో ఇల్లు మరల మీ పేర వ్రాసి ఇవ్వగలవాడను" అని. అన్నిటికంటె పైన బాడుగ కరారు ఒకటి. తమ సొంత ఇంటికి తండ్రి ఇన్నాళ్లూ బాడుగ కట్టినట్లు కొడుకులకు అప్పుడే తెలిసినది. "అన్నా, ఇల్లు మనదేనా?" అని తమ్ముడు అడిగాడు. "నాయన కుదువ పెట్టినాడంతే. అమ్మలేదు" అన్నాడు అన్న. అన్న చెప్పినది నిజమా కాదా?

ఈ భోషాణం కల్పితమే. కాని ఇటువంటి పెట్టెలు మన సీమలో లేని ఊరు ఉండదు. అన్నదమ్ముల ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఆ కాగితాలలోని మాటలు ఎక్కడినుండి వచ్చినవో, ఏ కాలంలో ఏ అర్థాన్ని సంతరించుకున్నవో తెలుసుకోవలసి ఉన్నది. నేల పొరలలో వేర్వేరు కాలాల మట్టి ఉన్నట్లు మన దస్తావేజుల భాషలోనూ పొరలున్నవి. సంస్కృతం, తమిళం, పారసీకం, ఆంగ్లం - ఒక్కొక్క ఏలుబడి ఒక్కొక్క పొరను విడిచి వెళ్లినది.

మొదట సంస్కృతపు పొర. పాత విక్రయ పత్రాలలో "దానాది వినిమయ విక్రయములకు యోగ్యముగా", "పుత్రపౌత్ర పారంపర్యముగా", "ఆచంద్రార్కముగా" అనే పలుకుబడులు కనబడతవి. ఇవి అలంకారానికి వ్రాసినవి కావు. దానం, తాకట్టు, మార్పిడి, అమ్మకం అనే నాలుగు పనులూ చేసుకునే హక్కు కొన్నవానికి సంక్రమించినదని ఆ మాటల అర్థం. ఒక ఆస్తిని అనుభవించడం వేరు, దానిని మరొకరికి ఇవ్వగలగడం వేరు. ఈ రెండవ అధికారం ఉన్నప్పుడే హక్కు సంపూర్ణమని మన పూర్వులు ఎరుగుదురు. "అష్టభోగములతో" అనే మాటా ఇటువంటిదే. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం - ఇవి ఎనిమిది భోగాలు. భూమిలో పాతిపెట్టిన ధనం, నీరు, రాయి, తరగని రాబడి, ముందు రాబోయే లాభం, ఇప్పటికే సాగులోనున్నది, ఇకమీద సాగుచేయదగినది - అన్నీ కొన్నవానివే. విజయనగర కాలపు దానశాసనాలలో రాతిమీద చెక్కిన ఈ జాబితా శతాబ్దాలు గడిచిన పిమ్మట కాగితం మీదికి ఎక్కినది.

మన ధర్మశాస్త్రకారులకు భూమి అమ్మకం అంత ఇష్టమైన విషయం కాదు. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో ఉన్నవాడు. పదునొకండు, పన్నెండు శతాబ్దుల సంధికాలం ఆయనది. పదమూడవ శతాబ్దంలో కేతన ఆ గ్రంథాన్ని తెలుగు చేశాడు. మితాక్షరలో ఎత్తి చూపిన ఒక పాత మాట ప్రకారం భూమి చేతులు మారాలంటే ఆరు కావలెను: ఊరివారి సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, ఇరుగుపొరుగువారి సమ్మతి, దాయాదుల సమ్మతి, బంగారం, నీటి ధార. చివరి రెండూ ఎందుకంటే, స్థావరానికి అమ్మకం తగదన్నారు కనుక దానిని దానరూపంలో జరిపించడం. నేటికీ కొన్ని పత్రాలలో ధారపోసినట్లు వ్రాయడం ఆ ఆచారపు శేషమే.

ఇందులో మనకు ముఖ్యమైనది విజ్ఞానేశ్వరుడు చెప్పిన కారణం. ఊరివారి సమ్మతి ఎందుకు? వారు కాదంటే అమ్మకం చెల్లదని కాదు, వ్యవహారం నలుగురికీ తెలియడానికి. పొరుగువారి సమ్మతి ఎందుకు? రేపు హద్దు తగవు రాకుండా ఉండడానికి. ఈ రెండు కారణాలనూ దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి. మన భోషాణంలోని చీటి తగవు చివరకు ఇక్కడికే తిరిగి వస్తుంది.

రెండవది తమిళపు పొర. చిత్తూరు సీమ భాషాసంధి. పుత్తూరు ప్రాంతం పూర్వం ఉత్తర ఆర్కాటు జిల్లాలో కార్వేటినగరం జమీందారీ కింద ఉండేది. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 1960లో భాషాప్రాతిపదిక మీద సరిహద్దులు సవరించినప్పుడు పొరుగున ఉన్న తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి వెళ్లినది, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినది. 2022లో పుత్తూరు కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో భాగమైనది. జిల్లాల పేర్లు మారినవి గాని రెవెన్యూ లెక్కలలోని తమిళ పదాలు కదలలేదు. పోరంబోకు అనగా లెక్కకు బయట ఉంచిన నేల, పన్ను వేయని ప్రభుత్వ స్థలం. అడంగలు అనగా ఏ సర్వే నంబరులో ఏ పంట ఎవరి సాగులో ఉన్నదో తెలిపే గ్రామలెక్క. "ఒత్తి" అనే తమిళ మాట మన భోగ్యానికి సోదరి.

ఈ పొరలో అన్నిటికంటె అర్థవంతమైన జంట మేల్వారం, కుడివారం. ఇక్కడ వారమంటే ఏడు రోజులు కాదు, పంటలో పాలు. మేల్వారం పైవానిది, అనగా దొరది లేక సర్కారుది. కుడివారం సాగుచేసే కాపుది. ఒకే నేలమీద ఇద్దరికి రెండు వేర్వేరు హక్కులు. ఈ భేదం తెలియకపోతే తాతగారి జమీందారీ పట్టా మనకు అర్థం కాదు. "కాణాచి" అనే మాటా ఈ మార్గాననే వచ్చినది. ఫలానా ఊరు పండితులకు కాణాచి అని మనం పొగడుతాము. ఆ మాట పుట్టుక తమిళ కాణియాట్చి. వంశపరంపరగా సంక్రమించే భూమిహక్కు దాని మొదటి అర్థం. దీనికే పారసీక పాలనలో మిరాసీ అనే పేరు వచ్చినది. మీరాసు అనగా అరబీలో వారసత్వం. తిరుమల ఆలయంలోని మిరాసీలను 1987లో రాష్ట్రప్రభుత్వం చట్టం చేసి తొలగించినప్పుడు ఈ మాట దేశమంతటా వినబడినది.

మూడవది పారసీకపు పొర. ఇది అన్నిటికంటె దట్టమైనది. దస్తావేజు అనే పేరే పారసీకం. అందులో "దస్త్" అంటే చేయి. సంతకాన్ని మన పెద్దలు దస్కతు అంటారు, అదీ చేతివ్రాతే. హద్దు, రసీదు, వసూలు, బకాయి, జామీను, ఇనాము, ఖరీదు - వీటిని పరాయి మాటలని ఇప్పుడెవరూ అనుకోరు. నాలుగు దిక్కుల హద్దులను వ్రాసే భాగానికి చెక్కుబందీ అనే పేరు అక్కడినుండి వచ్చినదే. "తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన వీధి" అని పొరుగువారి పేర్లు వ్రాసే ఆ భాగం, విజ్ఞానేశ్వరుడు కోరిన పొరుగువారి సమ్మతికి కాగితపు రూపం అనవచ్చును.

కొన్ని మాటలు ప్రయాణంలో అర్థం మార్చుకున్నవి. కౌలు అనే అరబీ పదానికి "మాట" అని అర్థం. ఇంత శిస్తు ఇస్తే ఇన్నేండ్లు నిన్ను కదిలించనని దొర రైతుకు ఇచ్చిన మాట అది. మాట కాగితమైనది, కాగితం కౌలైనది. కౌలుకు బదులుగా రైతు వ్రాసి ఇచ్చే ఒప్పుకోలు ముచ్చిలిక. ఇది తురుష్క భాష నుండి వచ్చిన పదం. తనఖా చరిత్ర మరింత విచిత్రం. హిందీ మాట్లాడేవారికి తనఖా అంటే నెలజీతం, మనకు ఆస్తి తాకట్టు. మొగలాయీ కాలంలో ఉద్యోగి జీతం కోసం ఫలానా ఊరి రాబడిని అతనికి కేటాయించేవారు. ఒక ఆస్తిమీది రాబడి మరొకరి బాకీకి కట్టుబడి ఉండడం అనే భావమే ఇటు తాకట్టుగా, అటు జీతంగా స్థిరపడినది. రాజీనామా కూడా ఇటువంటిదే. నామా అంటే పత్రం, రాజీనామా అంటే సమ్మతి పత్రం. రైతు తన భూమిని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్లు వ్రాసి ఇచ్చే కాగితానికి పూర్వం ఆ పేరు ఉండేది. నేడు మంత్రులు కుర్చీని వదులుకునేటప్పుడు వ్రాసి ఇస్తున్నారు.

ఈ పొరల మధ్య అచ్చ తెలుగు మాటలూ నిలిచి ఉన్నవి. కుదువ, తాకట్టు, అద్దె మనవే. కోస్తాలో అద్దె అన్నదానిని మన సీమలో బాడుగ అంటారు, తెలంగాణాలో కిరాయి అంటారు. బాడుగ సంస్కృత భాటకం నుండి, కిరాయి అరబీ నుండి వచ్చినవి. బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే సొమ్మును బయానా అంటారు. దానికే సంచకారం అని పాత పేరు. సంస్కృతంలో అది సత్యంకారం, అనగా మాటను నిజం చేసేది. ఇంత మంచి పేరున్న మాటను మరచి మనమిప్పుడు అడ్వాన్సు అంటున్నాము. బహిరంగంగా పాట పెట్టి అమ్మడాన్ని వేలం అంటాము. అది పోర్చుగీసువారు తూర్పుతీరంలో విడిచిపోయిన మాట.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తిరుపతి, నెల్లూరు ప్రాంతాలలో ఇంటిస్థలాన్ని అంకణాల లెక్కన అమ్ముతారు. ఇంటి దూలాలకు, స్తంభాలకు నడుమనుండే చోటు అంకణం. అది క్రమంగా కొలత అయినది. ఐతే తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు. ఒకచోట విన్న ధరను మరొకచోటికి మోసుకొని పోయినవాడు సగానికి సగం మోసపోవచ్చును. సెంటుకు ఈ ప్రమాదం లేదు. ఎకరంలో నూరవ వంతు, 435.6 చదరపు అడుగులు, ఎక్కడైనా అంతే. తేదీలలో ఫసలీ సంవత్సరం కనబడితే దానికి 590 కలపండి. ఫసలీ 1360 అంటే 1950 జులై మొదలు 1951 జూన్ వరకు.

ఇక ఆంగ్లపు పొర. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కుంపిణీ వశమైనది. 1802లో శాశ్వత పరిష్కారం, దానితోపాటు పట్టాలను గూర్చిన నిబంధన, కరణాలను గూర్చిన నిబంధన వచ్చినవి. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు జమీందారుకు ముచ్చిలిక వ్రాసి ఇవ్వాలి. అంటే జమీందారీ గ్రామంలో పట్టా అన్నది ఆస్తిహక్కు పత్రం కాదు, ఇంత శిస్తు చెల్లించాలన్న షరతుల కాగితం. 1908లో వచ్చిన మదరాసు ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు తన జిరాయితీ భూమిలో శాశ్వత సాగుహక్కును, అనగా కుడివారపు హక్కును దృఢపరచినది. 1948 నాటి 26వ చట్టం ఎస్టేట్లను రద్దు చేసి, జమీందారు హక్కులను ప్రభుత్వానికి బదిలీ చేసి, రైతుకు ప్రభుత్వం నుండే రైత్వారీ పట్టా ఇప్పించినది. కాబట్టి తాతగారి పెట్టెలోని పట్టా జమీందారు ఇచ్చినదా, 1948 చట్టం తరువాత సర్కారు ఇచ్చినదా అన్నది మొదట చూడవలసిన విషయం. పేరు ఒకటే. బలం వేరు. గ్రామలెక్కలలో పేరుండడం పన్ను వసూలుకు ఉద్దేశించినదే గాని అదొక్కటే హక్కును పుట్టించదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పి ఉన్నవి. ఆ లెక్కలు వ్రాసిన కరణాల వంశపారంపర్య పదవి 1984లో పోయినది.

ఇళ్లు, స్థలాల అమ్మకాలకు, బాడుగలకు నేటికీ ఆధారమైనది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అంతవరకు పలు పేర్లతో, పలు ఆచారాలతో సాగిన వ్యవహారాలను ఈ చట్టం కొన్ని గళ్లలో సర్దినది. అమ్మకం, తాకట్టు, కౌలు, మార్పిడి, దానం - ఇవి ఆ గళ్లు. పత్రానికి మనం ఏ పేరు పెట్టినా న్యాయస్థానం అందులోని షరతులను చదివి ఏదో ఒక గడిలో చేరుస్తుంది.

అమ్మకమంటే చెల్లించిన లేక చెల్లించబోయే వెలకు బదులుగా స్వామ్యాన్ని పూర్తిగా వదులుకోవడం. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి ఐతే రిజిస్టరు పత్రం తప్పదు. "శుద్ధ" విక్రయమనే విశేషణం ఇక్కడ వచ్చినదే. ఏ షరతూ, ఏ తిరుగుముఖమూ లేనిదని దాని భావం. అమ్మకపు అగ్రిమెంటు అమ్మకం కాదు. అది భవిష్యత్తులో అమ్ముతానన్న ఒప్పందం మాత్రమే. దానివల్ల ఆస్తిలో హక్కు పుట్టదని అదే చట్టం స్పష్టంగా చెప్పినది. అధికార పత్రం, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి వ్రాయించుకొని, రిజిస్టరు ఖర్చు తప్పించుకొని కొన్నామనుకునేవారు దేశంలో చాలామంది ఉండేవారు. అటువంటి కాగితాల వల్ల స్వామ్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పినది.

తాకట్టులో స్వామ్యం ఋణగ్రస్తునిదే. ఆస్తి బాకీకి హామీగా ఉంటుంది. అందులో పలు రకాలున్నవి. ఆస్తిని అప్పగించకుండా బాధ్యత మాత్రం పెట్టేది సాదా తనఖా. ఆస్తిని అప్పగించి, వడ్డీకి బదులు ఫలాన్ని అనుభవించమనేది స్వాధీన తనఖా. మన సీమవారి భోగ్యం, తమిళుల ఒత్తి ఈ గడిలోకే వస్తవి. పట్టణాలలో ఒకరు మూడునాలుగు లక్షలు ఒకేమారు ఇచ్చి, బాడుగ లేకుండా రెండేండ్లు ఇంటిలో ఉండి, వెళ్లేటప్పుడు అసలు తిరిగి పుచ్చుకుంటారు. దానిని లీజు అని పిలుస్తున్నారు గాని స్వభావంలో అది భోగ్యమే. వారు పదిరూపాయల కాగితంతో సరిపెట్టుకోకుండా ఇద్దరు సాక్షులతో రిజిస్టరు చేయించుకోవాలి. ఆ ఇంటిమీద ముందే ఇతర బాధ్యతలున్నవేమో ఋణభార ధృవపత్రం తీసి చూడాలి. లేకపోతే ఇంటిని బ్యాంకు వేలానికి పెట్టిననాడు ఇచ్చిన లక్షలకు ఆధారం చూపడం కష్టమౌతుంది.

తనఖాకు ఒక గొప్ప గుణమున్నది. బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకునే హక్కును ఎవరూ, ఏ షరతు పెట్టీ, కాజేయలేరు. దానికి కాలపరిమితి మాత్రం ఉన్నది. 1908 చట్టంలో అది అరువది యేండ్లు, 1963 చట్టంలో ముప్పది యేండ్లు. స్వాధీన తనఖా విషయంలో ఆ గడువు కేవలం పత్రం వ్రాసిన నాటినుండి నడవదని సుప్రీంకోర్టు 2014లో చెప్పినది. కనుక మన అన్నదమ్ముల పొలం పోలేదు. భోగ్యం కాగితంలోని సొమ్ము ముట్టజెప్పి, దున్నుతున్నవారిని రమ్మని, దానిని విడిపించుకోవచ్చును.

బాడుగ, కౌలు ఒకే గడిలోవి. స్వామ్యం కాదు, అనుభవించే హక్కు మాత్రం కొంతకాలానికి బదిలీ. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్టరు పత్రం అవసరం. మన బాడుగ కరారులన్నీ పదకొండు నెలలకే ఎందుకుంటవో ఇప్పుడు తెలిసినది కదా. నెలబాడుగ ఇంటిని ఖాళీ చేయించాలన్నా, చేయాలన్నా, వేరు ఒప్పందం లేనప్పుడు, చట్టం చెప్పినది పదిహేను రోజుల నోటీసు. ఉండనిచ్చిన అనుమతి మాత్రమే ఐతే, అది కౌలు కాదు. ఆస్తిలో ఏ హక్కునూ ఇవ్వదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతికి వద్దాం. తండ్రి అవసరానికి అప్పు తెచ్చాడు. అప్పిచ్చినవాడు తనఖా వద్దన్నాడు, విక్రయ పత్రం వ్రాయమన్నాడు. సొమ్ము తీర్చితే ఇల్లు తిరిగి ఇస్తానని వేరుగా చీటి వ్రాసి ఇచ్చాడు. వడ్డీని బాడుగ అని పిలిచి కరారు చేయించాడు. ఇరువురి మనసులోనూ అది అప్పే. ఇటువంటి వ్యవహారాన్ని చట్టం ఎరుగనిది కాదు. షరతు విక్రయ తనఖా అని దానికొక గడి 1882లోనే ఉన్నది. ఏండ్ల తరబడి న్యాయస్థానాలు ఇటువంటి తగవులలో ఇరుపక్షాల ఉద్దేశమేమిటో తవ్వితీయవలసి వచ్చినది. 1929లో ఆ చట్టాన్ని సవరించి ఒక గీటు గీశారు. తిరిగి ఇస్తానన్న షరతు విక్రయ పత్రంలోనే వ్రాసి ఉంటేనే అది తనఖాగా లెక్కకు వస్తుంది. వేరు కాగితం మీద ఉంటే రాదు.

కనుక అన్న చెప్పినది మనసులో నిజం, చట్టంలో కాదు. మడతలోని చీటి తనఖా కాలేదు. అది మరల అమ్ముతానన్న ఒక ఒప్పందం మాత్రమే. అందులోని ఐదేండ్లూ గడిచిపోయినవి, ఒప్పందాన్ని అమలు జరిపించమని కోర్టుకెక్కే గడువూ గడిచిపోయినది. ఇల్లు అమ్ముడుపోయిన ఇల్లే. తండ్రి నెలనెలా కట్టినది వడ్డీ కాదు, చట్టం దృష్టిలో బాడుగే. ఆ కరారు ఎదుటివారికే సాక్ష్యమౌతుంది. ఆ చీటిలోని రెండు పంక్తులు విక్రయ పత్రం చివర చేర్చి ఉంటే, విడిపించుకునే హక్కు ఆ బిడ్డలకు మిగిలి ఉండేది.

వినడానికి ఇది కఠినంగా తోచవచ్చును. ఐతే ఆ గీటు గీయడంలో ఒక న్యాయం ఉన్నది. ఆ ఇంటిని తరువాత మూడవవాడు కొంటాడు. అతడు రిజిస్ట్రారు కార్యాలయంలో వెదికితే విక్రయ పత్రం కనబడుతుంది, మడతలోని చీటి కనబడదు. కనబడని కాగితం అతనిని ఎట్లా కట్టివేయగలదు? విజ్ఞానేశ్వరుడు ఊరివారి సమ్మతి నలుగురికీ తెలియడానికే అని వ్రాసినది ఇందుకే. ఆనాడు ఊరు చేసిన పనిని 1864 నుండి నిర్బంధ రిజిస్ట్రేషను చట్టాలు చేస్తున్నవి. ఊరి రచ్చ స్థానంలో సర్కారు పుస్తకం వచ్చినది. సూత్రం మాత్రం అదే: భూమి విషయం చాటుగా జరగరాదు. మన దస్తావేజులలో ఏ భాషపు మాట ఏ కాలంలో చేరినా, ఈ సూత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి కాగితం మీద చేవ్రాలు చేసేముందు రాయసగానిని నెమ్మదిగా చదవమని అడగడానికి సంకోచించకండి. ఇది క్రయమా, తనఖానా, భోగ్యమా, బాడుగా అని నోరు తెరిచి అడగండి. స్వాధీనం ఎవరిది, తిరిగి విడిపించుకునే హక్కు ఉన్నదా, ఉంటే ఈ కాగితంలోనే వ్రాశారా, హద్దులు సరిగా ఉన్నవా, కొలత ఏ ఊరి అంకణం - ఈ ఐదు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే కలం పట్టండి. నోటి మాట మీద మనకు గౌరవముండవచ్చును. కౌలు అనే పదమే మాటనుండి పుట్టినది కదా. కాని మాట ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ వెళ్లిపోయిన పిమ్మట భోషాణంలో మిగిలేది కాగితమే. మన పిల్లలు దానిని తెరిచి చదివేనాటికి, అందులో మనం చెప్పదలచినదే వ్రాసి ఉండాలి.